ఒక బిడ్డ, రెండు వ్యాధులు

పదునారేండ్ల బాలుడొకడు వసతిగృహమున నుండి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము చదువుచున్నాడనుకొందము. పరీక్షలు దగ్గరపడినకొలదియు వానికి నిద్ర పట్టదు. రాత్రి రెండు గంటలకు లేచి గుండెదడతో మంచముపై కూర్చుండును. ప్రక్క మంచముననున్న తోటివాడొకడు బీడీలో గంజాయి కూరి యిచ్చెను. ఆ రాత్రి నిద్ర పట్టెను. మరుసటి వారము నాలుగు మారులు. రెండు నెలలు గడచునప్పటికి ప్రతిదినము. సంక్రాంతి సెలవులకు ఇల్లు చేరిన కుమారుని కన్నులు ఎఱ్ఱగా నుండుట, చొక్కాజేబులో చిన్న పొట్లముండుట తల్లి చూచినది. తండ్రి కొట్టెను. పిమ్మట ఎవరో చెప్పగా పట్టణమందలి ఒక వ్యసనవిముక్తి కేంద్రమునకు తీసికొనిపోయెను.

అచ్చట నెల దినములుంచిరి. గంజాయి మానెను. అయితే వాడు రాత్రులు ఏల మేలుకొనుచుండెనో ఎవ్వరును అడుగలేదు. ఇంటికి వచ్చిన మూడవ వారమున నిద్రలేమి మరల వచ్చెను; దాని వెంట గంజాయియు వచ్చెను. ఈ మారు బంధువొకరు మానసిక వైద్యుని యొద్దకు పంపిరి. తండ్రి పరువునకు జంకి గంజాయి మాట ఎత్తలేదు. తండ్రి ఎదుట బాలుడును నోరు విప్పలేదు. వైద్యుడు ఆందోళనకు, దిగులునకు మాత్రలు వ్రాసి యిచ్చెను. బాలుడు మాత్రలు మ్రింగుచునే యుండెను, గంజాయి త్రాగుచునే యుండెను. మందు పని చేయలేదని రెండు నెలలలో దానిని మానివేసిరి.

ఈ బాలుడు ఊహించినవాడే గాని, ఇట్టి కథ వైద్యాలయములలో పనిచేయువారికి మిక్కిలి పరిచితమైనది. మొదటి చోట వ్యసనమును చూచిరి. రెండవ చోట మనోవ్యాధిని చూచిరి. ఇద్దరును తమ పని తాము చేసిరి. కాని రెండు వ్యాధులు గల ఒక బిడ్డను ఎవ్వరును పూర్తిగా చూడలేదు.

ఏది ముందు, ఏది వెనుక

మనోవ్యాధులు పెద్దలకే వచ్చునని, పిల్లలకు వచ్చునది పొగరో సోమరితనమో మాత్రమేనని తలచుట మన ఇండ్లలో సాధారణము. ఇది పొరపాటు. జీవితకాలములో కలుగు మనోవ్యాధులలో సుమారు సగము పదునాలుగవ యేటి లోపలనే మొలకెత్తుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బెంగుళూరునందలి నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పదుమూడు మొదలు పదునేడేండ్ల వరకు గల బాలబాలికలలో నూటికి 7.3 మంది ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. మత్తుపదార్థములతో తొలి పరిచయము కలుగునదియు ఈ వయసుననే. కావున ఈ రెండును ఒకే బిడ్డయందు కలిసికొనుట వింత గాదు.

కలిసికొను త్రోవలు మూడు. కొందరికి మనోవ్యాధి ముందు వచ్చును. ఆందోళనతో నిద్రలేనివాడు, దిగులుతో అన్నము సహింపనిది, చిన్ననాటినుండి ఒకచోట కుదురుగా కూర్చుండలేక ఉపాధ్యాయులచే తిట్లు తినుచు పెరిగినవాడు, ఇంటిలో దెబ్బలనో అత్యాచారమునో అనుభవించి ఆ భయమును ఎవ్వరికిని చెప్పుకొనలేనిది, వీరు మత్తును మందువలె వాడుకొందురు. అది కొన్ని గంటలు పని చేయును గూడ; అందువలననే విడువరు. మరికొందరికి మత్తే ముందు. విడువక మద్యము త్రాగుట దిగులును పెంచును. గంజాయి కొందరియందు లేనిపోని అనుమానములను, చెవిలో మాటలు వినబడుటను కలిగించును. మూడవ త్రోవయందు రెండింటికిని ఒకే వేరు: వంశపారంపర్యముగా వచ్చిన బలహీనత, బాల్యమున పడిన గాయము, త్రాగుబోతు తండ్రి, తిండికి గడవని ఇల్లు.

గంజాయిని గూర్చి ఒక మాట విడిగా చెప్పవలెను. అది ఆకేనని, సాధువులు సైతము త్రాగుదురని, దానివలన హాని లేదని యువకులు వాదింతురు. స్వీడన్ దేశమున సైన్యములో చేర్చుకొనుటకు పిలిచిన 45,570 మంది యువకులను పదునైదేండ్లు గమనించి 1987లో ప్రకటించిన పరిశోధనయందు, పదునెనిమిదేండ్ల లోపల ఏబదికి మించిన మారులు గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా అను తీవ్ర మనోవ్యాధి, వాడనివారికంటె ఆరు రెట్లు అధికముగా కనబడినది. ఇతర కారణములను లెక్కలోనికి తీసికొనగా ఈ ప్రమాణము తగ్గెను గాని తొలగిపోలేదు. గంజాయి త్రాగిన ప్రతివానికిని మతి చెడునని దీని అర్థము కాదు, చాలమందికి చెడదు. కాని ఎవరికి చెడునో ముందుగా చెప్పగల పరీక్ష ఏదియు లేదు. మేనమామకో పెదతండ్రికో ఇట్టి వ్యాధి యుండిన ఇంటి పిల్లలకు ప్రమాదము మరింత హెచ్చు. కౌమారమున మెదడు ఇంకను తయారగుచునే యుండును. మంచిచెడ్డలు తూచి, తొందరను అణచు ముందరి భాగము ఇరువది యయిదేండ్ల ప్రాంతము వరకు పరిపక్వము కాదు. అందుచే అదే పదార్థము నలువదేండ్లవానియందు చేయు పని వేరు, పదునాలుగేండ్ల వానియందు చేయు పని వేరు.

మన దేశమున పిల్లల విషయమై ప్రత్యేకముగా చెప్పవలసినది పీల్చెడి పదార్థములను గురించి. వైట్‌నర్, పెయింటు థిన్నర్, సైకిలు ట్యూబునకు పంక్చరు వేయు సొల్యూషన్ మొదలగువానిని గుడ్డమీద పోసి పీల్చెడి అలవాటు పెద్దలకంటె పిల్లలలో హెచ్చుగా నున్నది. 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే ప్రకారము ఇది పిల్లలలో నూటికి 1.17, పెద్దలలో నూటికి 0.58. ఇట్లు పెద్దలను పిల్లలు మించినది ఈ ఒక్క పదార్థముననే. రైల్వే ప్లాట్‌ఫారముల మీద, చెత్తకుప్పల యొద్ద కనబడు బాలురకు ఇది ఆకలిని, చలిని, ఒంటరితనమును మరపించును. మెదడును, నరములను పాడుచేయును. ఒక్కొక్కమారు గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినవాడు సైతము అక్కడికక్కడే మరణించును.

రెండు ద్వారములు

"ముందు అలవాటు మానిపించి తీసికొని రండు, పిమ్మట మనస్సు సంగతి చూతము" అనుట చిరకాలముగా వైద్యలోకమున నున్న పద్ధతి. మరియొక ద్వారమున దీనికి ఎదురుమాట వినవచ్చును: "మనస్సు కుదుటపడిన పిమ్మట అలవాటు దానంతట అదియే పోవును." ఈ రెండు మాటల నడుమ ఎందరో బిడ్డలు జారిపోయిరి. ప్రభుత్వ వ్యవస్థయందు సైతము ఈ విభజన కొంత కనబడును. ఆరోగ్య మంత్రిత్వశాఖ వ్యసనవిముక్తి కార్యక్రమమును ఆసుపత్రుల ద్వారా నడపుచుండగా, స్వచ్ఛంద సంస్థల పునరావాస కేంద్రములకు సామాజిక న్యాయశాఖ సహాయమిచ్చుచున్నది. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమున పది మొదలు పందొమ్మిదేండ్ల వారికి నిర్దేశించిన ఆరు అంశములలో మానసిక ఆరోగ్యము ఒకటి, మత్తుపదార్థముల దుర్వినియోగము మరియొకటి. కాగితముపై వేరువేరు వరుసలలో నున్నను, వైద్యశాలకు వచ్చునది ఒకే బిడ్డ.

మన దేశమున ఒక సౌకర్యము కలదు. పెక్కు దేశములలో వ్యసనచికిత్సయు మానసిక వైద్యమును వేరువేరు వృత్తులుగా పెరిగినవి. ఇచ్చట పెద్ద ఆసుపత్రులలో రెండును సాధారణముగా మానసిక వైద్య విభాగము చేతిలోనే యున్నవి. బెంగుళూరు నిమ్హాన్స్ యందును, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఘాజియాబాదులో నడపు జాతీయ కేంద్రమునందును వ్యసనమునకు చికిత్స చేయువారు మానసిక వైద్యులే. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధిని నిర్వచించుచు, మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో కూడిన మానసిక స్థితులను గూడ అందు చేర్చినది. కావున త్రోవ ఉన్నది. ఆ త్రోవను మొదటి దినముననే పట్టుకొనవలెను. ఆరు నెలలు అటునిటు తిరిగి అలసిన పిమ్మట గాదు.

కలిపి చేయు చికిత్స ఎట్లుండును

మొదటిది, వినుట. వైద్యుడు తల్లిదండ్రులతో మాటలాడును. పిమ్మట వారిని వెలుపలికి పంపి బిడ్డతో విడిగా మాటలాడును. కొందరు తండ్రులకు ఇది అవమానముగా తోచును. కాని తండ్రి కూర్చున్నంతసేపు బిడ్డ నిజము చెప్పడు. బిడ్డ చెప్పిన మాటను వైద్యుడు గోప్యముగా నుంచును. ఆత్మహత్య తలంపో, ఇతరులకు హాని చేయు తలంపో, బిడ్డపై అత్యాచారమో బయటపడినయెడల మాత్రము పెద్దలకు చెప్పవలసివచ్చునని ముందుగానే బిడ్డకు తెలియజేయును. మూత్రపరీక్ష చేయుట కలదు. అది దొంగను పట్టుకొనుటకు వేసిన వల కాదు, చికిత్స ఎట్లు సాగుచున్నదో చూచుటకు.

రెండవది, ఏది ముందు వచ్చినదో కనుగొనుట. మత్తు మానిన పిమ్మట దిగులు, అనుమానములు నాలుగు వారములలో వాటంతటవియే తగ్గినయెడల అవి మత్తువలన కలిగినవని వైద్యులు భావింతురు. తగ్గక నిలిచినయెడల అది వేరు వ్యాధి. బిడ్డ ఆరేడేండ్ల వయసున ఎట్లుండెనో, అలవాటునకు ముందే నిద్ర చెడెనో లేదో తల్లికి తెలిసినంతగా ఎవ్వరికిని తెలియదు. ఈ విషయమున ఆమె జ్ఞాపకము మూత్రపరీక్షకంటె విలువైనది. అయితే ఈ నాలుగు వారములు చేతులు ముడుచుకొని కూర్చుండుటకు గాదు. చావవలెనని చెప్పు బిడ్డకు, గోడలతో మాటలాడు బిడ్డకు ఆ దినముననే వైద్యము మొదలు పెట్టవలెను.

మూడవది, శరీరమును సురక్షితముగా మత్తునుండి దింపుట. మద్యమును, నిద్రమాత్రలను బహుదినములు వాడినవారు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు రావచ్చును; ఇది వైద్యుని చేతిలో జరుగవలసిన పని, తలుపునకు గొళ్ళెము పెట్టి ఇంటిలో చేయదగినది కాదు. హెరాయిన్ మొదలగు నల్లమందు జాతి పదార్థముల విషయమున ప్రమాదము మరియొక విధముగా వచ్చును. నెల దినములు మానిన శరీరము పాత మోతాదును తట్టుకొనలేదు. కేంద్రమునుండి ఇంటికి వచ్చిన వాడు మునుపటివలెనే తీసికొనినచో ఊపిరి ఆగిపోవును. చికిత్స అర్ధాంతరముగా ముగిసి ఇల్లు చేరిన తొలి వారములు అందుచేతనే మిక్కిలి భయంకరమైనవి.

మందుల విషయము నిజాయితీగా చెప్పవలెను. దిగులువ్యాధికి పిల్లలలో ఎక్కువ ఆధారము గల మందు ఫ్లూఆక్సెటిన్. దిగులు, మత్తు రెండును గల 126 మంది కౌమారులపై అమెరికాలో జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనయందు ఈ మందు, ఆలోచనారీతిని మార్చు మాటలచికిత్సతో కలిసి, దిగులును ఒక కొలబద్ద ప్రకారము తగ్గించినది. మత్తు వాడుకను మాత్రము విడిగా తగ్గింపలేదు. కుదురులేమి, అవధానలోపము గల 303 మంది కౌమారులపై 2011లో ప్రకటించిన మరియొక పరిశోధనయందు, మందు తీసికొనినవారును, ఉత్తి బిళ్ళ తీసికొనినవారును దాదాపు సమానముగానే మెరుగుపడిరి. ఏలయన ఇరువురకును వారము వారము మాటలచికిత్స అందెను. మందు అక్కరలేదని దీనివలన తేలలేదు. బిళ్ళ ఒక్కటి వ్రాసి పంపుట చికిత్స కాదని మాత్రము తేలినది.

ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు మొదలు పెట్టిన తొలి వారములలో కొందరు యువకులయందు ఆత్మహత్య తలంపులు హెచ్చవచ్చును. ఆ దినములలో బిడ్డను కనిపెట్టి యుండవలెను, వైద్యుని వెంటవెంటనే కలిసికొనవలెను. నిద్రకై అలవాటు పడెడి మాత్రలు ఇట్టి బిడ్డకు కూడదు. ఒక వ్యసనమునకు మారుగా మరియొకటి తెచ్చి పెట్టినట్లగును. పొగత్రాగుట గూడ మందులతో చేరి చిక్కు కలిగించును. పొగాకు పొగ కాలేయమును త్వరపెట్టి ఓలాంజపైన్ వంటి మందును శీఘ్రముగా శరీరమునుండి వెడలగొట్టును. ఆసుపత్రిలో బీడీ మానిన బాలునకు అదే మోతాదు అధికమై మగతగా నుండవచ్చును. ఇల్లు చేరి మరల బీడీ పట్టగానే అదే మందు చాలక పోవచ్చును. కావున బీడీ సంగతియు వైద్యునికి చెప్పవలసినదే.

అన్నిటికంటె కాలము పట్టునది మాటలచికిత్స. బిడ్డను మందలించుటకు గాక, మానుటవలన వానికి ఏమి లాభమో వాని నోటనే పలికించుటకు వైద్యుడు ప్రయత్నించును. ఏ సమయమున, ఎవరితో నుండగా, ఏ తలంపు వచ్చినపుడు చేయి పొట్లము వైపు పోవునో కలిసి వెదకుదురు. మొదట చెప్పిన బాలునికి ఆ సమయము రాత్రి రెండు గంటలు. అప్పుడు గుండెదడను ఎట్లు తట్టుకొనవలెనో నేర్పినచో సగము పని యగును. ఇంటివారిని గూడ కూర్చుండబెట్టుదురు. తండ్రి కోపము, తల్లి చాటుగా ఇచ్చు డబ్బు, అమ్మమ్మ కప్పిపుచ్చుట, ఇవన్నియు ఆ గదిలోనికి వచ్చును. వ్యసనము తిరగబెట్టుట తరచు జరుగును. క్షయరోగికి జ్వరము తిరుగబెట్టిన రోగిని ఎవ్వరును తిట్టరు. మందు మోతాదు చూతురు. ఇచ్చటను అట్లే చేయవలెను.

బాలికల సంగతి వేరు. వారు వైద్యశాలకు చాల తక్కువగా వత్తురు. ఇంటివారు పెండ్లి సంబంధములు చెడునని దాచుదురు. దాచినందున తగ్గిన వ్యాధి లేదు. బాలికల మత్తు వెనుక తరచు ఒక అత్యాచారము, ఒక భయము దాగియుండును గనుక, వారిని విడిగా అడుగుట మరింత అవసరము.

ఆసుపత్రిలో చేర్చుట, చట్టము

ఎక్కువమందికి ఆసుపత్రిలో పడక అక్కరలేదు. వారమునకొకమారు వచ్చి పోవుట చాలును. ప్రాణాపాయమున్నపుడు, మతి పూర్తిగా తప్పినపుడు, మత్తునుండి దింపుటకు ఇల్లు సురక్షితము కానపుడు చేర్తురు. పదునెనిమిదేండ్లు నిండనివారిని చేర్చుటకు 2017నాటి చట్టము కట్టుబాట్లు విధించినది. ఇద్దరు వృత్తినిపుణులు విడివిడిగా పరీక్షింపవలెను. వారిలో ఒకరు తప్పక మానసిక వైద్యుడై యుండవలెను. బిడ్డను పెద్దల వార్డులో నుంచరాదు. తల్లియో తండ్రియో, వారి పక్షమున నియమింపబడినవారో బిడ్డతో అచ్చటనే యుండవలెను. బాలికకు తోడు స్త్రీయే కావలెను. చేర్చిన డెబ్బదిరెండు గంటలలో మానసిక ఆరోగ్య పునర్విమర్శ మండలికి తెలుపవలెను. గొలుసులతో కట్టుట ఎంతటి పరిస్థితియందును నిషిద్ధము. ఈ నిషేధము ఊరక రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడునందలి ఎర్వాడిలో ఒక ఆశ్రయమునకు నిప్పంటుకొనినపుడు, గొలుసులతో కట్టబడియున్న రోగులు ఇరువదిమందికి పైగా కదలలేక మరణించిరి. వ్యసనము మానిపించుదుమని చెప్పి పిల్లలను బంధించి కొట్టు గృహములు నేటికిని లేకపోలేదు. చేర్చుటకు ముందు అచ్చట మానసిక వైద్యుడు గలడా, లైసెన్సు గలదా, వారమున ఎన్నిమారులు బిడ్డను చూడనిత్తురు అని అడుగుట తల్లిదండ్రుల హక్కు. చూడనీయమనిన చోట బిడ్డను విడువరాదు.

పోలీసుల భయము చాలమందిని ఆసుపత్రి గుమ్మము ఎక్కనీయదు. 1985నాటి మాదకద్రవ్యముల చట్టము 64-ఏ విభాగము ప్రకారము, స్వల్ప పరిమాణమున స్వంతమునకు వాడుకొని పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు వచ్చినచో ప్రాసిక్యూషన్‌కు లోను కాడు. చికిత్సను పూర్తి చేయని యెడల ఈ రక్షణ తొలగవచ్చును. దీనికి మారుగా, బిడ్డకు మత్తు ఇచ్చినవానికి 2015నాటి బాలల న్యాయచట్టము ఏడేండ్ల వరకు కఠినశిక్షను, లక్ష రూపాయల వరకు జుల్మానాను నిర్ణయించినది. చట్టము కఠినముగా చూచునది అమ్మువానిని. వాడుకొను బిడ్డను గాదు.

మొదట అడుగవలసిన చోటు

2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. రాత్రింబవళ్ళు పలుకుదురు, రుసుము లేదు. వ్యసనవిముక్తికి ప్రత్యేకముగా 14446 గలదు. బిడ్డకు ఎవరివలననైన హాని కలుగుచున్నయెడల 1098. ఏ సంఖ్యకు చేసినను రెండు సంగతులును చెప్పవలెను: మత్తును గురించియు, మనస్సును గురించియు. ఒకటి దాచినచో మరల సగము చికిత్సయే దొరకును. జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమపు వైద్యుడున్న చోట్ల నేరుగా అచ్చటికే పోవచ్చును. మొదటి దినమున పాత చీటీలన్నియు, వాడిన మాత్రల ఖాళీ అట్టలును వెంట తీసికొనిపోవలెను. బిడ్డ ఎన్ని గంటలకు నిదురించుచున్నదో, ఎప్పుడు మేలుకొనుచున్నదో ఒక వారము దినములు తల్లి కాగితముపై వ్రాసియుంచినచో వైద్యునికి ఎంతయో తోడ్పడును.